నీళ్లు కారని కుట్టు

జమేదారు సిద్ధిరాములు చొక్కా చేతికి తీసుకుని ముందు కాలరు తిప్పి చూశాడు. కాలరు లోపల పసుపు దారం కనిపించింది. అంతే, ఆ తరువాత కుట్టు వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. చంకల కింద రెండు చేతులూ పెట్టి బలం కొద్దీ గుంజాడు. బట్ట పర్రుమని విచ్చుకుంది. ఆ చొక్కాను మంగవ్వ ఒళ్లోకి విసిరేశాడు.

"చెప్పులు గుట్టే చెయ్యి చొక్క గుడుతదా? ఇది రెండోది మంగీ. ఇంకోటి చినిగితే మిషను ఇడిచి పో" అన్నాడు.

అరవై మంది చూశారు. అరవై మందీ తలలు వంచుకుని మిషన్లు తొక్కారు. బట్టలు కత్తిరించే బల్ల దగ్గర మేస్త్రీ రాజనర్సయ్య చేతిలో కత్తెర ఒక్క క్షణం ఆగింది, మళ్లీ ఆడింది. ఆ ఒక్క క్షణం ఆగినందుకే తాను మంచివాణ్ణనుకున్నాడు. మనలో చాలామంది మంచితనం అంతమట్టుకే కదా!

లడాయి రోజులవి, యుద్ధం నడుస్తున్న కాలం. పంజాగుట్టలో ఒక నవాబు గుర్రాలు కట్టిన పాత కొట్టంలో గుత్తేదారు కుట్టుమిషన్లు పెట్టించి, ఫౌజుకు ఖాకీ చొక్కాలు కుట్టించేవాడు. పనివాళ్లు మూడు వరసల్లో కూర్చునేవారు. నేతపల్లెల నుంచి బతకవచ్చిన సాలోళ్లది మొదటి వరస. అమీర్‌పేట దర్జీలు, అంటే తురకలు, రెండో వరస. గుడ్డివెలుగులో, గుర్రాల గాడి పక్కన ఉన్న మూడో వరస బల్కంపేట మాదిగవాడ ఆడవాళ్లది. ఎవరు కుట్టిన చొక్కాకు వాళ్లు కాలరు లోపల రంగు దారంతో టాకాలు వెయ్యాలి. మొదటి వరసకు ఎర్ర దారం, రెండోదానికి ఆకుపచ్చ, మూడోదానికి పసుపు. రంగు వరసను చెబుతుంది, టాకాల సంఖ్య మనిషిని చెబుతుంది. మంగవ్వవి మూడు పసుపు టాకాలు. చొక్కాలు పెట్టెలకెక్కే ముందు ఆ దారం తీసేస్తారు. చెడ్డ కుట్టు ఎవరిదో తెలియడానికి ఆ పద్ధతి పెట్టామని గుత్తేదారు చెప్పేవాడు. మూడు చొక్కాలు చినిగితే మనిషి బయటికి.

మంగవ్వకు బయట ఏముందో అందరికీ తెలుసు. కుట్టుపని దొరికిన రోజున ఆమె ఊరి పటేలు గడపలో నిలబడి, ఇక నీ ఇంట్లో వెట్టి చెయ్యనని మొహం మీద చెప్పి వచ్చింది. ఆమె వెనక, ఆమె పూచీ మీదే, పదకొండు మంది ఆడవాళ్లు ఈ పనికి వచ్చారు. పటేలు మాత్రం, మిషన్ ఎన్నాళ్లుంటుందో చూద్దామన్నాడట. ఆమె పీట పోయిందంటే ఆమెతోపాటు ఆ పదకొండు మందీ మళ్లీ పటేలు పశువుల పేడ ఎత్తాల్సిందే.

ఆ సాయంత్రం మంగవ్వ, రాజనర్సయ్య, ఇంకొందరు అమీర్‌పేటలో రెండో వరస దర్జీ గౌస్ మొహియుద్దీన్ ఇంటి అరుగు మీద కూడారు. గౌస్ తల్లి ఇమామ్ బీ చాయ్ పోసింది. మొదటి వరసలో అందరికన్నా మంచి పనివాడైన ఐలయ్య కూడా వచ్చాడు గాని, వచ్చిన దగ్గర్నుంచి సణుగుతూనే ఉన్నాడు. కుట్టు బాగుంటే ఎందుకు చినుగుతుంది, జమేదారుకు మాత్రం ఏం పగ, అన్నాడు. రాజనర్సయ్య పెద్దమనిషి తరహాలో మాట్లాడాడు. జమేదారు దుర్మార్గుడేనని, తనకు మాత్రం అన్ని వరసలూ సమానమేనని, ఏనాడూ ఎవరినీ ఒక మాట అనలేదని చెప్పాడు.

మంగవ్వ చాయ్ గిన్నె కింద పెట్టింది. కొంగులోంచి ఆనాటి చినిగిన చొక్కా తీసి అతని ముందు పరిచింది.

"నోటితో అనలేదు మేస్త్రీ, నిజమే. మరి నీ చెయ్యి? సాలోనివి గదా, గీ బట్ట జర పట్టి జూడు."

రాజనర్సయ్య వేళ్ల మధ్య బట్టను నలిపి చూశాడు. మగ్గం మీద పుట్టి పెరిగిన వేళ్లవి, అబద్ధం చెప్పవు. అది థాను కొస బట్ట. థాను, అంటే బట్ట చుట్ట, మొదట్లో, చివర్లో నేత వదులుగా ఉంటుంది. కుట్టు ఎంత గట్టిగా వేసినా గుంజితే పోగులు జారిపోతాయి. మంగవ్వ చూపింది కూడా అదే. దారం తెగలేదు, కుట్టు కుట్టులాగే ఉంది, దాని పక్కన బట్ట విచ్చుకుంది. థాను నడిమి బట్ట ఎప్పుడూ మొదటి వరసకు, కొసలన్నీ మూడో వరసకు వెళ్తున్నాయని, ఆరు నెలలుగా చూస్తున్నామని ఆమె చెప్పింది.

అతనికి ఒళ్లు మండిపోయింది. తాను కావాలని చెయ్యలేదని, బట్టల కట్టలు ఎలా వస్తే అలా ఇస్తున్నానని గట్టిగా అరిచాడు. మంగవ్వ కూడా తగ్గలేదు. వాళ్లిద్దరి మధ్య గౌస్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"గుస్సా ఎందుకు భాయ్. రేపు కత్తెర పట్టుకున్నప్పుడు నీ చెయ్యిని నువ్వే జూడు. ఇంకెవ్వల్ని జూడకు" అన్నాడు.

మర్నాడు రాజనర్సయ్య తన చెయ్యిని తానే కాపలా కాశాడు. థాను విప్పాడు, కోశాడు, కట్టలు కట్టాడు. నడిమి బట్ట కట్టను అందుకున్న చెయ్యి, ఎవరూ చెప్పకుండానే, మొదటి వరస వైపు పోయింది. అక్కడ ఐలయ్య ఉన్నాడు. వాళ్ల ఊరివాడు, చిన్నప్పుడు ఒకే ఆసు దగ్గర కూర్చుని నూలు చుట్టినవాడు. కొసల కట్ట పట్టుకున్నప్పుడు చెయ్యి మూడో వరస వైపు తిరిగింది. ఆరు నెలలు! చీ, అనుకున్నాడు. తన మీద తనకే కోపం వచ్చి కత్తెరను బల్ల మీద గట్టిగా కొట్టాడు. ఆ చప్పుడుకు అందరూ తలలెత్తి చూశారు. ఆ రోజు నడిమి బట్ట కట్ట ఒకటి తీసుకెళ్లి మంగవ్వ ముందు పెట్టాడు. ఆమె తీసుకుని కుట్టింది.

సాయంత్రం అరుగు మీద అంతా ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ, మరి జమేదారుకూ నాకూ తేడా ఏమిటి, ఇద్దరం ఒకే థాను ముక్కలమే కదా, అని అడిగాడు.

దానికి గౌస్ తన పనిలోంచే జవాబిచ్చాడు. "నా మిషను ఎడమకు గుంజుతది భాయ్, కొన్ననాటి సంది. నాకు ఎరికైంది గనుక కుడిచెయ్యి అడ్డం బెడ్త, కుట్టు సీదా వస్తది. నీ చెయ్యి సుత గట్ల మొగ్గింది. సూపెడితే నువ్వు సూసినవ్. జమేదారు సంగతి అట్ల గాదు. ఆయన కొలత తియ్యకుంటనే కోసేటోడు. మనిషి ముంగట నిలవడ్డా టేపు పట్టడు. సూపెట్టినా సూడడు."

"గదైతే నమ్మ" అన్నాడు ఐలయ్య. పనితనం తెలిసిన మనిషి కుట్టును చూసి గుర్తుపట్టకుండా ఉంటాడా, నేను కుట్టింది నలుగురు కుట్టినవాటిలో కలిపినా జమేదారు కళ్లు మూసుకుని చెబుతాడు, అని పందెం కట్టాడు.

మంగవ్వ ఆ మాటను కింద పడనివ్వలేదు. అయితే నీ దారం నాకియ్యి, నా దారం నీకిస్తా, అంది. రాజనర్సయ్య ఒకే థాను నడిమి బట్టను ఇద్దరికీ ఇవ్వాలి. ఇద్దరూ కుట్టాక, ఐలయ్య చొక్కాకు మూడు పసుపు టాకాలు, మంగవ్వ చొక్కాకు ఐలయ్య వేసుకునే రెండు ఎర్ర టాకాలు వెయ్యాలి. పసుపు టాకాలున్నది ఆమె లెక్కలో మూడో చొక్కా. చినిగితే పీట పోతుంది, వెనకాల పదకొండు మంది ఉన్నారు. రాజనర్సయ్య వద్దన్నాడు.

"పాయె పీటనే గద, ఊకె గూసున్నా రేపో మాపో పోతది" అంది మంగవ్వ. "మా అయ్య మోట తోలు బొక్కెన కుట్టెటోడు. బాయిల దించి తోడితే ఒక్క సుక్క కారకపోతుండె. గా కుట్టు నాకు నేర్పిండు. నీళ్లు ఆగిన కుట్టు గుంజితే ఆగదా? ఆయనకు పనికిరానిది నా కుట్టు గాదు, నేను. అది అందరు కండ్లార జూడాలె."

రెండు రోజుల తరువాత, పొద్దున పదింటికి, జమేదారు చొక్కాల కుప్ప ముందు కూర్చున్నాడు. ఆ రోజు కొట్టంలో మిషన్ల చప్పుడు పలుచగా ఉంది. మొదట ఎర్ర టాకాల చొక్కా చేతికొచ్చింది. కాలరు తిప్పాడు, నవ్వాడు. మంచిదని ముద్ర వేసి ఊరుకోకుండా, మూడో వరసకు కనబడేలా పైకెత్తి పట్టుకున్నాడు.

"జూడు మంగీ. కుట్టంటే గిది. పుట్టుకతోటి వస్తది."

తరువాత పసుపు టాకాల చొక్కా తీశాడు. కాలరు చూసి మొహం చిట్లించి రెండు చేతులతో గుంజాడు. చినగలేదు. మళ్లీ గుంజాడు, మెడ నరాలు ఉబ్బాయి. అయినా చినగలేదు. అప్పుడు ఆ మనిషి ఏం చేశాడో వినండి. పక్కనున్న కత్తెర తీసుకుని కుట్టులో మొన దూర్చి, దారం తెంపి, ఆ తరువాత గుంజాడు! చినిగిన చొక్కా పైకెత్తి, మూడోది, లేచిపో, అన్నాడు.

లేచింది మంగవ్వ కాదు, ఐలయ్య. నడిచి వెళ్లి ఆ చొక్కాను జమేదారు చేతిలోంచి లాక్కున్నాడు. ఇది నేను కుట్టిన చొక్కా అన్నాడు. నువ్వు ముద్ర వేసి మెచ్చుకున్నది మంగవ్వ కుట్టింది అన్నాడు. మూడు వరసల వాళ్లూ లేచి చుట్టూ మూగారు.

సిద్ధిరాములు మొహం ఒక్కసారి నల్లబడింది. తప్పు తెలుసుకునే దారి అతనికి అక్కడే తెరిచి ఉంది, ఒక్క అడుగు వేస్తే చాలు. వెయ్యలేదు. దారాలు మార్చి మోసం చేశారని ఎగిరాడు. "ఒక్కపారి గట్లయింది. అయితే ఏంది? వాడోళ్ల చెయ్యి వాడోళ్ల చెయ్యే" అన్నాడు.

గౌస్ చెప్పింది రాజనర్సయ్యకు అప్పుడు పూర్తిగా ఎక్కింది. దాంతోపాటు ఇంకొకటీ తెలిసింది. ఆరు నెలలుగా ఈ మనిషి చించిన పసుపు చొక్కాలన్నీ తాను ఇచ్చిన కొస బట్టవే. జమేదారు కొలవకుండా కోసిన తీర్పుకు, చూడండి, చినిగింది కదా, అని సాక్ష్యం తెచ్చిపెట్టింది తన చెయ్యే. వాడి విషపు మొక్కకు తానే నీళ్లు పోశాడు. ఆ మాట అక్కడే, అందరి ముందూ, జమేదారు వినేలా చెప్పాడు. ఈ పాపంలో నాకూ పాలుందని, ఇవాళ్టి నుంచి బట్టను వరస చూసి కాకుండా వంతులేసి ఇస్తానని గొంతు చించుకుని చెప్పాడు.

గుత్తేదారు పరుగున వచ్చాడు. ఆయనకు ఎవరి మీదా పగ లేదు, ఏ కులమూ పట్టలేదు. మూడు వరసలు మూడుగా ఉంటే చాలు. అందుకే చల్లగా మాట్లాడాడు. మొదటి వరస మీద ఈగ వాలనివ్వనని, రెండో వరసకూ ఫికర్ లేదని, మూడో వరస మాత్రం ఈ పూటే ఖాళీ చెయ్యాలని చెప్పాడు. చెప్పి, ఐలయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

ఐలయ్య ఆ చెయ్యి తీసేశాడు. మొదటి వరసకు వెళ్లి తన మిషన్ మీది దారపు కండె ఊడబెరికాడు. ఒకరి వెనక ఒకరు అందరూ అదే పని చేశారు. కొట్టంలో మిషన్లన్నీ ఆగిపోయాయి.

మధ్యాహ్నానికల్లా పోలీసు అమీన్ వచ్చాడు. లడాయి పని ఆపడం సర్కారు మీద తిరగబడటమేనన్నాడు. జమేదారు వేలు పెట్టి చూపిన నలుగురిని, మంగవ్వను, ఐలయ్యను, గౌస్‌ను, రాజనర్సయ్యను, తాడు కట్టి ఠాణాకు నడిపించారు. వాంగ్మూలం ఇవ్వడానికి జమేదారు కూడా వెంట వచ్చాడు.

ఠాణా వరండాలో తాళ్లు విప్పి నేల మీద కూర్చోబెట్టారు. ఇమామ్ బీ పంపిన జొన్న రొట్టెల మూటను ఒక జవాన్ వాళ్ల ముందుకు విసిరాడు. రాజనర్సయ్య మూట విప్పాడు. రెండు నిండు రొట్టెలు, కొన్ని తునకలు ఉన్నాయి. నిండు రొట్టె అందుకున్న చెయ్యి ఐలయ్య వైపు పోయింది. సగం దారిలో ఆగింది. ఆ చెయ్యిని అతనే తిప్పుకుని రొట్టెను మంగవ్వకు ఇచ్చాడు. ఆమె దాన్ని విరిచి సగం అతని చేతిలో పెట్టింది. మాదిగవాడ చేతి ముద్ద అతని ఇంటావంటా లేదు. అతను తిన్నాడు. ఐలయ్య కాసేపు చూసి తనూ చెయ్యి చాపాడు.

అప్పుడే బయట గోల వినిపించింది. కొట్టంలో మిగిలిన వాళ్లంతా వచ్చారు. బల్కంపేట వాడ మొత్తం వచ్చింది. పటేలు పశువులను దొడ్డిలోనే వదిలేసి వచ్చిన వాళ్లు కూడా ఉన్నారు. మంగవ్వ మిషన్ మంగవ్వదేనని అరుస్తున్నారు. అమీన్ మెట్ల మీదికి వచ్చి, దీని మూలం వాడవాళ్లే, వాళ్లను విడదీసి లోపలేస్తే మిగతావాళ్లు ఇళ్లకు పోతారని, ఎవరెవరో చూపించమని జమేదారును ముందుకు తోశాడు.

జమేదారు గుంపులోకి దిగాడు. అలవాటు కొద్దీ రంగు కోసం వెతికాడు. మొదట దొరికిన చెయ్యి పట్టుకున్నాడు, మణికట్టుకు మూడో వరస పసుపు దారం కట్టి ఉంది. అది సాలోళ్ల పిలగాడి చెయ్యి. వదిలేసి ఇంకొకటి పట్టుకున్నాడు, పసుపు దారమే. అది అమీర్‌పేట దర్జీది. మూడోది, నాలుగోది, ఇమామ్ బీ ముడతలు పడిన చెయ్యి, అన్నిటికీ పసుపు దారమే. అతను నడి ఎండలో నిలబడిపోయాడు. ఎవరిని చూపాలో అతనికి తెలియలేదు. తెలియాలంటే మనిషిని చూడాలి, అది అతను ఎన్నడూ చేసిన పని కాదు.

వరండాలోంచి మంగవ్వ లేచి నిలబడింది. జవాన్ కూర్చోమన్నాడు, ఆమె వినలేదు.

"దారం గాదు జమేదారూ" అంది. "గిప్పుడన్న కుట్టు జూడు."