దొరసానమ్మ తలుపుకు కట్టిన వేపాకు

1979లో క్రిస్మస్ ముందు రోజు. మదనపల్లె బస్సు దిగేసరికి పుంగనూరులో ఎండ తగ్గుతోంది. నా చేతిసంచిలో రంగు కాగితాలు, కొవ్వొత్తులు, ఒక బంకసీసా ఉన్నాయి. హెల్గా దొరసాని తెమ్మన్నవి. ఆమె, ఆమె భర్త మిషనరీలుగా వచ్చి మా వీధి చివరి పెంకుటింట్లో దిగి ఆరునెలలు కావస్తోంది. నేను హైస్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. సాయంత్రాలు వాళ్లకు కూడా ఒక గంట చెప్పేవాణ్ణి. నా భార్య సుశీల పోయాక నాకు సాయంత్రాలే గడిచేవి కావు. ఆ పాఠం వల్ల వాళ్లకంటే నాకే ఎక్కువ మేలు జరిగింది.

పండుగ ప్రార్థనలకని దొర కుప్పం వెళ్లాడు. మరునాటి రాత్రికి గానీ రాడు. దొరసానికి ఈ దేశంలో అదే మొదటి క్రిస్మస్. ఒంటరిగా ఉండలేక, వీధిలో ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లను టీకి పిలిచింది. "నాలుగు గంటలకు మా ఇంటికి దయచేయండి" అని నేను నేర్పిన వాక్యాన్నే అందరికీ అప్పజెప్పింది. అందరూ వస్తామన్నారు. ఎదురింటి నాగరత్నమ్మ కొత్తచీర కట్టుకొని వస్తానంది. "ఒక్కరు వచ్చి కూర్చున్నా చాలు" అని దొరసాని నాతో రెండుసార్లు అంది.

నేను వెళ్లేసరికి నాలుగు దాటింది. గేటు దగ్గరే ఆగిపోయాను. వీధితలుపుకు వేపమండలు గుండ్రంగా చుట్టి కట్టి ఉన్నాయి. కింద ఎర్రగుడ్డ పీలిక వేలాడుతోంది. గేటు బయట, గోడ వారగా, ఒక చెంబుతో మజ్జిగ, రెండు లేత టెంకాయలు, ఆకు మూసిన పెరుగన్నం ముంత.

మా వైపు తలుపుకు వేపాకు కట్టారంటే ఆ ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందని అర్థం. ఇక ఆ గడప ఎవరూ తొక్కరు. చల్లటివి ఏవైనా తెచ్చి బయటే పెట్టి, మాట కలపకుండా వెళ్లిపోతారు.

లోపల బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, కప్పులు వరసగా పెట్టి ఉన్నాయి. దొరసాని ఇస్త్రీ గౌను వేసుకొని కుర్చీ అంచున కూర్చుంది.

"రండి, కూర్చుండుడి" అంది. "అందరూ గేటు వరకు వస్తున్నారు. ఏదో పెట్టి వెళ్లిపోతున్నారు. నేను పిలిస్తే ఇంకా వేగంగా నడుస్తున్నారు. నా తెలుగు తప్పా?"

"మీ తెలుగు బాగానే ఉందమ్మా. తలుపుకు ఆ ఆకు ఎందుకు కట్టారు?"

వాళ్ల ఊళ్లో ఈ నెలలో మంచు తప్ప మరేమీ కనబడదట. అప్పుడు కూడా పచ్చగా ఉండే ఒక చెట్టు కొమ్మలు తెచ్చి, చక్రంలా చుట్టి తలుపుకు కడతారట. అది చూసి ఎవరైనా లోపలికి రావచ్చు. "ఆ చెట్టు ఇక్కడ లేదు. పెరట్లో ఇది పచ్చగా ఉంది" అంది.

విషయం చెప్పాను. ఆమె ముందున్న కప్పును వరసలోకి జరిపింది. "రమ్మని కట్టాను" అని మాత్రం అంది.

అంతలో హనుమక్క ఎవరినీ అడగకుండా లోపలికి వచ్చేసింది. గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి. చిన్నప్పుడు పెద్దమ్మవారు పోసిన మచ్చలు ఆమె ముఖం నిండా ఉంటాయి.

"ఎవురికి పోసిందమ్మా? దొరకా, నీకా? ఏదీ, మొగం సూపీ. నాకేం భయం ల్యా. అమ్మ నన్ను ఎప్పుడో సూసి పోయింది."

"ఎవరికీ పోయలేదు హనుమక్కా. పండగకని కట్టింది" అన్నాను.

హనుమక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "పండగకా? అయ్యోరూ, ఆర్నెల్లుగా ఏం నేర్పిస్తాండావప్పా ఈయమ్మకి?"

"పొద్దున్నుంచి నేను మదనపల్లెలో ఉంటిని."

ఆమె గేటు దాకా పోయి కేకేసింది. "నాగరత్నా, ఈడేం ల్యా. ఉత్తినే కట్టిందంట. రా, టీ తాగి పోదువు."

"ఉత్తినే యాల కడతారక్కా ఎవురన్నా?" అని ఎదురింట్లోంచి జవాబు వచ్చింది. "కట్టినాక అమ్మ రాకుండా ఉంటాదా? ఇంట్లో పసిబిడ్డ ఉండాది. నేను రాలేను."

దొరసాని కత్తెర తీసుకొని లేచింది. హనుమక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "పెరికేస్తే అమ్మకు కోపం వస్తాదని వీధంతా బెదురుకుంటారు. మూడు దినాలుంచి, నీళ్లు పోసి తియ్యల్ల."

దొరసాని నా వైపు తిరిగింది. "తీస్తే ఎవరైనా వస్తారా?"

"పోస్టాఫీసు గుమాస్తా భార్య రామాంజినమ్మ వస్తుంది. ఆమె వస్తే ఇంకో ఇద్దరు రావచ్చు. మిగతావాళ్లు మాత్రం భయపడతారు."

దొరసాని కత్తెరతోనే కిటికీ దగ్గరికి వెళ్లింది. అమ్మవారి మీద ఆమెకు నమ్మకం లేదు. ఆకు తీస్తే ఆ ముగ్గురైనా వస్తారు, అలా ఎవరైనా రావాలనే పొద్దున్నుంచి కాచుకొని ఉంది. కిటికీలోంచి నాగరత్నమ్మ ఇంటి వైపు చూసింది. అక్కడ తలుపు మూసేశారు.

"ఉండనివ్వండి" అని కత్తెర సొరుగులో పెట్టేసింది. "బిడ్డకు ఏదైనా అవుతుందని ఆమె రాత్రంతా మేలుకొని ఉండటం నాకు ఇష్టం లేదు."

ఆ తరువాత ముగ్గురం రంగు కాగితాలు కత్తిరించి గొలుసులు అంటించాం. హనుమక్క స్టూలెక్కి దూలానికి కట్టింది. కేకు ముక్క వాసన చూసి, "గుడ్డేసినారా?" అని అడిగింది. వేశానని దొరసాని అంటే, "అట్లయితే ఇంకొంచెం పెట్టు" అంది. దొరసాని ఆ రోజు మొదటిసారి నవ్వడం అప్పుడే చూశాను. అయినా మధ్యమధ్యలో గేటు వైపు చూస్తూనే ఉంది. ఎవరూ రాలేదు.

పొద్దు గూకుతుంటే లేచాను. హనుమక్క కాళ్లు చాపుకొని గోడకానుకుంది.

"నువ్వు పో అయ్యోరూ. నేనీడే పండుకుంటా. అమ్మ ఉండే ఇంట్లో మనిషిని ఒంటిగా ఇడవకూడదు."

"అమ్మ లేదని చెప్తిని గదా."

"ల్యాకపోతే ల్యాదు. ఒంటిగా అయితే ఉండాది గదా."

నేను వీధిలోకి రాగానే నాగరత్నమ్మ తలుపు కొంచెం తెరిచి, దూరం నుంచే పలకరించింది. "అయ్యోరూ, ఇంటికి పోతానే కాళ్లు కడుక్కో." మళ్లీ తనే సర్దుకుంది. "అయినా నీకేంలే, ఇంట్లో ఎవురుండారు."

ఆమె చెడ్డగా అన్న మాట కాదు. ఇంటికొచ్చి వాకిట్లో తొట్టి నీళ్లతో కాళ్లు కడుక్కున్నాను. వీధి చివర హనుమక్క గట్టిగా ఏదో చెబుతోంది. దొరసాని ఆ మాటే తిరిగి పలుకుతోంది. తాళం తీయడానికి తొందరేమీ లేదనిపించి, కాసేపు అరుగు మీద కూర్చున్నాను.