కిలోకి పది తక్కువ

జీడిపప్పు ఏరినంతసేపూ మృదుల విష్ణు సహస్రనామం పైకి చదవాలి. అత్తగారు అమ్మాజీ పెట్టిన పద్ధతి అది. నోరు ఖాళీగా ఉంటే పప్పు అందులోకి పోతుందని ఆవిడ భయం. ఎల్బీనగర్‌లోని ఆ ఇంటి నుంచి ఇన్ని పిలుపులు వినీ వినీ విష్ణుమూర్తి ఈపాటికి ఇల్లు మారిపోయి ఉంటాడు.

పెళ్ళైన కొత్తలో పలాస నుంచి ఏరిన పప్పే వచ్చేది. తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లో భర్త గౌతమ్ కొట్టు ఎదురుగా మధుకర్ కొట్టు తెరిచి, కిలోకి పది తగ్గించాడు. గౌతమ్ ఇరవై తగ్గించాడు. ఆ తగ్గింపు కోసం ఏరని పప్పు చవగ్గా తెచ్చి హాల్లో పోశాడు. గుండు, బద్ద, ముక్క వేరు చెయ్యడం మృదుల వంతు. "టీవీ చూస్తూ చేసుకునేదేగా," అన్నాడు. మధుకర్ మళ్ళీ తగ్గించాడు. ఈసారి పొట్టుతో ఉన్న పప్పు వచ్చింది. చాకుతో గీకీ గీకీ ఆమె వేలిముద్రలు అరిగిపోయి, రేషన్ షాపు మిషన్ ఆమెను మనిషిగా గుర్తించడం మానేసింది. "నీకేం, నీడపట్టున పని," అంది అమ్మాజీ. కొట్టు ధరలో కిరాయి ఉంది, కరెంటు ఉంది, ఎలుకల కోసం పెంచిన పిల్లికి పోసే పాలు కూడా ఉన్నాయి. మృదుల లేదు.

ఇప్పుడు దీపావళికి ఇంకో పది తగ్గించాలట. పెంకుతో ఉన్న పిక్కలే తెప్పిస్తానన్నాడు గౌతమ్. పిక్క పగిలితే కారే జీడికి చేతులు బొబ్బలెక్కుతాయి. "నూనె రాసుకో," అన్నాడు.

మర్నాడు ఆమె పప్పు సంచి దింపడానికి కొట్టుకి వెళ్ళేసరికి మధుకర్ అక్కడే చాయ్ తాగుతున్నాడు.

"ఏందన్నా, ఇంకా తగ్గిస్తున్నవంట! ఎట్ల గిట్టుబాటైతది?"

"మాకు కూలి ఖర్చు లేదండీ. ఇంటి మనిషే."

మధుకర్ పడీపడీ నవ్వాడు. "గంతేనా? మెషిన్ పెట్టినవనుకొని పరేషానైన. మా దాంట్ల గూడ మా ఇంటామె ఇందునే చేస్తది. నువ్వు పిక్కలు తెస్తే నేను గూడ తెస్త. జూద్దాం!"

మృదుల సంచి కింద పెట్టింది. ఇన్నాళ్ళూ మధుకర్‌ని తిట్టుకుంటూ పొట్టు తీసింది. అతను తగ్గించిన ప్రతి పదీ ఇంకో ఆడమనిషి గోళ్ళ కింద నుంచి వచ్చిందని ఇప్పుడే తెలిసింది.

"అన్నయ్యా, ఇందు గారి నంబరు చెప్తారా?"

"దేనికి వదినా?"

"పిక్కలు ఎలా కొడతారో కనుక్కుందామని."

"చూశారా, ఎంత శ్రద్ధో!" అన్నాడు గౌతమ్.

మృదుల రోడ్డు దాటి, మెట్రో మెట్ల కింద నిలబడి ఫోన్ చేసింది.

"ఇందు గారూ, మీ ఎదురు కొట్టు మృదులనండీ. రేపట్నుంచి మీరు చాకు పట్టుకోకండి. నేనూ పట్టుకోను."