వీరేందర్ చెప్పని జీరో

వీరేందర్ నన్ను ముంచాడు. జనగామలో సీఎన్సీ మిషన్లు, అంటే కంప్యూటర్ చెప్పినట్టు చెక్క చెక్కే మిషన్లు అమ్ముతాడు. కొంటే పదిహేను రోజులు పని నేర్పిస్తానన్నాడు. పాలకుర్తిలో నా వడ్రంగి షెడ్డుకు వచ్చింది మాత్రం రెండు రోజులే. రెండో రోజు మధ్యాహ్నం బిర్యానీ తిని వెళ్లిపోయాడు.

"ముప్పై ఏండ్లు ఉలి పట్టినవ్, మౌస్ పట్టరాదా కుతుబ్ భాయ్? అంత కష్టమేం గాదులే," అని నవ్వాడు.

నేను చదివింది ఐదో తరగతి. తెర మీది ఇంగ్లీషు రాదు కాబట్టి ఏ గుర్తు తర్వాత ఏది నొక్కాలో వరస గుర్తు పెట్టుకున్నాను. చెక్కను తొలిచే బిట్టు మొన కింద కాగితం ముక్క పెట్టి, అది బిగుసుకునే దాకా బిట్టును దించాలి. అదే జీరో. అక్కడి నుంచే మిషన్ లోతు కొలుస్తుంది. ఇంతవరకు బాగానే నేర్చుకున్నాను. బిట్టు మార్చినప్పుడల్లా జీరో మళ్లీ పట్టాలని వాడు చెప్పలేదు. చెప్పానంటాడు. చెప్పలేదు.

మొదటి పని మొగుళ్లపల్లి యాకయ్యది. పాత ఇల్లు విప్పించి, వాళ్ల నాయన వేయించిన టేకు దూలాలు కోయించి తెచ్చాడు. రెండు రెక్కల తలుపు, మీద నెమళ్లు కావాలన్నాడు.

"ఇది మంచిగైతే మా అన్నదమ్ములయి ఎనిమిది తలుపులు నీకే. కర్ర పైలం. మల్ల దొరకది," అన్నాడు.

ఆ ఎనిమిదీ వస్తేనే మిషన్‌కు పెట్టిన పైసలు నాకు తిరిగొచ్చేది.

లావు బిట్టుతో నెమలి ఆకారం చక్కగా వచ్చింది. యాకయ్య స్టూలు మీద కూర్చుని ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

"నీ చేతికి పనే లేదు గదనే!"

ఈకల కోసం సన్న బిట్టు బిగించాను. అది లావుదానికంటే అంగుళం పొడవు. స్టార్ట్ నొక్కాను.

బిట్టు నెమలి మెడలో దిగి, చెక్క దాటి, కింది బల్లలోకి పోయింది. మెడ నుంచి తోక దాకా చీల్చుకుంటూ పోయింది. కనీసం బిట్టు విరిగినా బాగుండేది.

ఉలి జారితే చేయి ఆపుకుంటాను. ఇక్కడ ఆపుకోవడానికి నా చేయి లేదు. మిషన్ ఆపే ఎర్ర బటన్ ఉందని తెలుసు. అయినా బిట్టునే పట్టుకోబోయాను. నా భార్య నస్రీన్ పరుగున వచ్చి, చొక్కా పట్టి నన్ను వెనక్కి గుంజి, మెయిన్ స్విచ్ ఆపేసింది.

వీరేందర్‌కు ఫోన్ చేశాను.

"బిట్టు మార్చినంక జీరో పట్టినవా భాయ్?"

"మల్ల పట్టాల్నని చెప్పినవా తమ్మీ?"

"చెప్పిన. రాసుకొమ్మని గూడ చెప్పిన."

వాడు మాట్లాడే జోరుకు నా రాత ఎక్కడ అందుతుంది? వచ్చి నేర్పమంటే రోజుకు రెండు వేలు అడిగాడు.

యాకయ్యకు కర్ర పైసలు ఇస్తానన్నాను.

"పైసలు నేనేం జేసుకోవాలె? మా నాయిన దూలం దెచ్చిస్తవా?"

మిగిలిన చెక్కలు ఆటోలో వేసుకుని పోయాడు. ఎనిమిది తలుపుల మాట ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు.

నాలుగు నెలలుగా మిషన్ టార్పాలిన్ కిందే ఉంది. స్విచ్ దాకా పోయి తిరిగొస్తాను. అమ్ముదామంటే సగం ధర కూడా ఎవరూ ఇస్తామనలేదు. దాన్ని కొనడానికి నేను అమ్మింది లింగాల ఘనపూర్ దగ్గర మా అబ్బా వారసత్వంగా ఇచ్చిన మెట్ట చెలక, పద్నాలుగు గుంటలు.