దాచిన చెంబు

గోరి బిడ్డ పాముపుట్ట మీద ఉచ్చ పోసిందట, అందుకే ఉచ్చల మంటట అని పక్కింటి కమ్లి తండా అంతా చెప్పుకొచ్చింది.

గోరి నమ్మలేదు. కానీ ఉచ్చకు కూర్చున్నప్పుడల్లా మూడేండ్ల పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే చూడలేకపోయింది. నీళ్లు తాగితేనే గద పోసేదని నీళ్లచెంబు దాచింది. ఏడుపు తగ్గింది. జ్వరం ఎక్కింది. తెల్లారేసరికి పిల్ల వణికిపోయి కండ్లు తేలేసింది. తండ్రి బిచ్యా భుజానేసుకొని దవాఖానాకు ఉరికిండు. వెనకాలే గోరి.

డాక్టరు ఉచ్చ పరీక్ష చేయించి, సూది వేసిండు. నీళ్లు ఆపిన సంగతి గోరే చెప్పింది.

"దొడ్డికి పోయిన చోటి పురుగు ఉచ్చదారిలకు ఎక్కింది. కడిగితే ముందునుంచి వెనక్కి కడగాలె. సూదులు పనిచేస్తేనే పిల్ల దక్కుతది. నీళ్లు తాపితే కొంతన్న కొట్టుకపోయేది గదా, ఎందుకు ఆపినవ్? తల్లివేనా నువ్వు?"

"నీ బిడ్డ ఉచ్చ పోయలేక నీ మెడ పట్టుకొని ఏడిస్తే, నువ్వు తాపుతవా సారూ?" అన్నది గోరి.