దొరసాని చెయ్యి

ఇస్త్రీ పిల్ల చూపు మంచిది కాదని డాక్టరుగారి భార్యకు మొదటి రోజే అనుమానం. నాటక సంఘం వాళ్ళ మేకప్ గదిలో ఉన్నది ఒకటే అద్దం. పిన్నుల డబ్బా కోసం పక్కకు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల కళ్ళు అద్దంలోంచి ఆమె హ్యాండ్‌బ్యాగు మీద వాలేవి, పాలగిన్నె మీద పిల్లి కళ్ళలాగా.

"రా, రా. మీ అమ్మకెలా ఉంది?" అని ఆమె ఆప్యాయంగానే అడిగేది. ఆ పిల్ల "బాగుందమ్మా" అని మళ్ళీ అటే చూసేది.

వాళ్ళు వేస్తున్నది ఒక పాత నవలను నాటకంగా మార్చినది. అందులో ఆడవాళ్ళు ఇద్దరే. మేడలో దొరసాని, ఆమె నగలపెట్టె తుడిచే దాసి. కారు దిగి వచ్చే తనకు దొరసాని వేషం రాసిపెట్టి ఉందనుకుంటే, నాటకం నేర్పే మాస్టారు తిరగేశాడు. లాండ్రీలో బట్టలు ఇస్త్రీ చేసే పిల్లకు నగలు పెట్టి, తన చేతికి చీపురిచ్చాడు.

"తెలిసిందే చేస్తే దాన్ని నటనంటారా అమ్మా?" అన్నాడాయన. "ఇద్దరూ ఎవరినైనా బాగా గమనించండి. ఒక్క అలవాటు పట్టుకొచ్చి వేషంలో పెట్టండి. ఎవరి దగ్గర్నుంచి తెచ్చారో నాకు చెప్పొద్దు."

ఆమెకు అదెంత పని! ఇంట్లో వంటమనిషి ఉండనే ఉంది. నడుం మీద చెయ్యేసుకోవడం, "వస్తున్నానమ్మా" అంటూనే రాకపోవడం, అన్నీ ఆవిడ దగ్గర చూసి పట్టేసింది. తను చూస్తే నటన, ఇస్త్రీ పిల్ల చూస్తే దొంగచూపు. కాకిపిల్ల కాకికి ముద్దు మరి.

చివరి రిహార్సల్ రోజున ఆమె ఇక ఉండబట్టలేక మాస్టారిని పక్కకు పిలిచింది.

"దాన్ని నమ్మకండి మాస్టారూ. దాని కళ్ళెప్పుడూ నా బ్యాగు మీదే."

"ఏమైనా పోయిందా?"

"పోయాక ఏడ్చి ఏం లాభం? దాన్ని మానిపించండి. దొరసాని మాటలన్నీ నాకు నోటికొచ్చు."

మాస్టారు గడ్డం గోక్కున్నాడు. నాటకం ఆడే హాలు డాక్టరుగారిదే. కాదంటే చెట్టు కింద ఆడుకోవాలి. "ఈ రిహార్సల్ కానివ్వండి. అయ్యాక కూడా మీరిదే మాటంటే, రేపట్నించి రావద్దని చెప్పేస్తాను" అన్నాడు.

తెర లేచింది. దాసి గుడ్డ పట్టుకుని బల్ల దగ్గరకు వెళ్ళింది.

"రా, రా. మీ అమ్మకెలా ఉంది?" అంది దొరసాని. ఆ మాట నాటకంలో లేదు. గొంతులో తేనె కారుతోంది, కళ్ళు నవ్వుతున్నాయి. దాసి చెయ్యి బల్లను తాకకముందే దొరసాని మోచెయ్యి నగలపెట్టెను మెల్లగా ఒళ్ళోకి లాక్కుంది. మూత టక్కున పడింది.

హాల్లో ఉన్న నలుగురూ గొల్లుమన్నారు.

డాక్టరుగారి భార్య గుర్తుపట్టింది. ఆ మాట తనది. ఆ నవ్వు తనది. ఆ మోచెయ్యి కూడా తనదే. దేన్నీ ముట్టకముందే దొంగనైపోయినట్టు ఒళ్ళంతా చచ్చేంత సిగ్గు పుట్టింది. ఇన్నాళ్ళూ ఆ పిల్ల ఇది నోరెత్తకుండా భరించిందా? ఆమె చెప్పవలసిన మాట మరిచిపోయి, తల వంచుకుని నిలబడిపోయింది.

"భలే!" అని అరిచాడు మాస్టారు. "ఇవాళ వచ్చిందమ్మా మీకు దాసి వేషం!"

రిహార్సల్ అయ్యాక ఆయన మేకప్ గది గుమ్మంలోకి వచ్చి, "ఏమంటారు మరి?" అని నెమ్మదిగా అడిగాడు.

"ఆ పిల్లే ఉండాలి మాస్టారూ. ఇంకో మాట లేదు."

ఆ మాట అన్నాక ఆమె మనసు తేలికపడింది. తనంత మంచి మనిషి ఈ చుట్టుపక్కల లేదని కూడా అనిపించింది. అంతలో ఇస్త్రీ పిల్ల పిన్నుల డబ్బా కోసం పక్కకు వచ్చింది.

"రా, రా. ఎంత బాగా చేశావో! మీ అమ్మకెలా ఉంది?"

"బాగుందమ్మా" అని ఆ పిల్ల అద్దంలోంచి కిందికి చూసింది. ఆమె కూడా చూసింది.

బ్యాగు అప్పటికే ఆమె ఒళ్ళో ఉంది. జిప్పు వేసి ఉంది.