మిద్దె మీది ముళ్ల చెట్టు

"ఇంట్ల ముండ్ల చెట్టుంటె కొట్లాటలైతయి," అంది నాగమ్మ, కోడలు స్నేహ జొన్న రొట్టె తడుతుండగా.

నిజానికి ఆ ఇంట్లో కొట్లాటకు చెట్టే అక్కర్లేదు, రొట్టె కాస్త చల్లారితే చాలు. అది పెనం మీది నుంచి నేరుగా కంచంలో పడాలి. తినేవాళ్లేమో తలా ఒక వేళకు వచ్చి కూర్చుంటారు. అందరివీ అయ్యాక గట్టిపడ్డ చివరి రొట్టెను విరుచుకుని తినేది స్నేహ. కిరాణా దుకాణంలో నిలబడి నిలబడి భర్త వీరేశ్‌కు కాళ్లు గుంజుతాయట. పొయ్యి ముందు నిలబడేవి కూడా కాళ్లేనని ఆయనకు ఇంకా తట్టలేదు.

ఆ హైబ్రిడ్ కాక్టస్‌ను ఆమె చిరాగ్‌పల్లి దగ్గర హైవే పక్క నర్సరీలో కొనుక్కుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మందారమో నందివర్ధనమో, తాను ఏది పెంచినా రెక్క విప్పకముందే అత్త బుట్టలో పడేది. నాగమ్మ చీకటితోనే లేచి మొగ్గ మొగ్గా తెంపి, మెడలో కట్టుకునే ఇష్టలింగం పూజకు పెట్టుకునేది. శివుడి మీద స్నేహకు కోపమేం లేదు. తాను నీళ్లు పోసిన ఒక్క పువ్వయినా చెట్టు మీదే నిండుగా విచ్చుకుంటే కళ్లారా చూడాలని ఆశ, అంతే. ముళ్లున్న చెట్టు మీద ఎవరూ చెయ్యి వెయ్యరని ఆమె ధీమా.

"కూరకు రాదు, నీడకు రాదు. ఏం తెలివే నీది!" అని నవ్వి, వీరేశ్ తల్లి మాట ప్రకారం కుండీని మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కకు వెళ్లగొట్టాడు. అక్కడ రోజంతా ఎండ, చలికాలమంతా నీళ్లు పోసేవాళ్లు లేరు. కాక్టస్‌కు కావలసిందీ అదే. ఎండలు ముదిరే వేళకు పక్కన నూగు నూగుగా ఒక మొగ్గ పొడుచుకొచ్చింది. పూస్తే ఒక్కరోజే ఉంటుందని నర్సరీ ఆయన ముందే చెప్పాడు.

ఆ పొద్దున బట్టలు ఆరేయడానికి ఎక్కిన స్నేహ బకెట్టు వదిలేసి నిలబడిపోయింది. అరచేతికి మించిన పువ్వు, నారింజ రంగు రెక్కలు, అంచున గులాబీ. ముందు ఏడుపొచ్చింది. ఈ మాత్రానికే ఏడుపేమిటని మళ్లీ నవ్వొచ్చింది. ఆ నవ్వు విని వీరేశ్ పైకొచ్చి, ఫొటో కొట్టి, 'నా మిద్దె తోట' అని స్టేటస్ పెట్టేశాడు. వెనకే నాగమ్మ బుట్టతో ఎక్కింది.

"అబ్బ! ఇది శివునికోసమే పూసింది."

"కొట్లాటల చెట్టంటివి గదా అత్తమ్మా?"

"ముండ్లు చెట్టుకున్నయి గని పువ్వుకున్నయా?"

"తెంపియ్యి స్నేహా," అన్నాడు వీరేశ్. "జల్ది కిందికి రా, ఆకలైతుంది."

నాగమ్మ చెయ్యి చాచింది. స్నేహ గబుక్కున వంగి, పువ్వులో ముక్కు పెట్టి, ఛాతీ నిండా పీల్చింది. చెంపకు ముల్లు దిగినా లేవలేదు.

"అయ్యో, వాసన సూస్తివేందే! వాసన సూసిన పువ్వు దేవునికి పెడ్తరా?"

"పెట్టరు. అందుకే సూసిన," స్నేహ చెంప మీది రక్తం తుడుచుకుంది. "ఇది నాది అత్తమ్మా. వాడేదాక చెట్టుకే ఉంటది. నేను గూడ ఈడనే ఉంట."

"మరి రొట్టెలు?" అన్నాడు వీరేశ్.

"డబ్బల పిండున్నది."

అతను తీర్పు చెప్పమన్నట్టు తల్లి వైపు చూశాడు. ఆమె పువ్వునే చూస్తోంది. చేసేదిలేక మెట్లు దిగిపోయాడు. కాసేపటికి కింద గిన్నెలేవో దొర్లిన చప్పుడైంది.

నాగమ్మ మెట్ల వైపు తొంగిచూసి గొంతు తగ్గించింది. "ఎట్లున్నదే వాసన?"

"నువ్వే సూడు."

"నాకేం ఎరుక? బుద్ధెరిగినకాంచి తెంపుడే గని, ఒక్కదాన్నన్న వాసన సూసిన్నా!"

స్నేహ పక్కకు జరిగింది. నాగమ్మ ఖాళీ బుట్టను కింద పెట్టి, కొంగు నడుముకు దోపుకుని, మెల్లగా వంగింది.

"ముండ్లు పైలం అత్తమ్మా."

"గుచ్చుకుంటె గుచ్చుకోనియ్యే," అంటూ నాగమ్మ పువ్వులో ముఖం పెట్టేసింది.