జానెడు నీళ్ల బాణం

నేను ఒక బొమ్మను. చూసి మురిసిపోయే రంగుల బొమ్మను కాను. ఇంజనీర్లు నన్ను సీక్వెన్స్ డయాగ్రమ్ అంటారు. పైన వరుసగా కొన్ని పెట్టెలు, ఒక్కో పెట్టె నుంచి కిందికి దిగే ఒక నిలువు గీత, ఆ గీతల మధ్య అడ్డంగా బాణాలు. ఎవరు ఎవరికి ఏ మాట చెప్పాలో, దేని తరవాత ఏది జరగాలో ఆ బాణాలు చెబుతాయి. పైనుంచి కిందికి చదువుతూ పోతే కాలం నడిచినట్టే. ఇంతే నా ఒళ్లు. ఇందులో కోపం ఎక్కడ పడుతుందని అడుగుతారేమో. అరికాలి మంట నెత్తికెక్కడం అంటారు కదా, నాకు అరికాలూ లేదు, నెత్తీ లేదు. మంట మాత్రం ఉంది.

నేను విశాఖపట్నంలో ఒక కంపెనీ ఆఫీసులో, హిమజ అనే ఇంజనీరు కంప్యూటర్‌లో పుట్టాను. పెద్ద పెద్ద సంస్థల పనితీరునంతా బొమ్మలుగా గీసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది, అందులో. ఉత్తరాన ఒక ఏటి మీదున్న పాత ఆనకట్ట గేట్లను కంప్యూటర్‌తో ఎత్తి దించే ఏర్పాటు ఆ కంపెనీ చేతికి వచ్చింది. ముందు బొమ్మ గీస్తారు, బొమ్మను బట్టి ప్రోగ్రాం రాస్తారు, ప్రోగ్రాం చెప్పినట్టు గేటు లేస్తుంది. నాలో లేనిది ఏటి దగ్గర జరగదు.

హిమజ మొదట ఆరు పెట్టెలు పెట్టింది. నీటిమట్టం కొలిచే మీటరు, కంట్రోల్ రూం కంప్యూటరు, డ్యూటీ ఇంజనీరు, సైరన్, గేటు మోటారు, చివర గేటు ఆపరేటరు. మనుషులకు మాత్రం పెట్టె మీద పుల్లలు అతికించినట్టుండే బొమ్మ ఒకటి వస్తుంది. ఆ సాఫ్ట్‌వేర్ మనిషికిచ్చే మర్యాద అంతవరకే.

చాలామంది అక్కడితో ఆపేసి టీకి లేస్తారు. ఆ పిల్ల లేవలేదు. మర్నాడు ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, రెండు బస్సులు మారి ఆనకట్టకు వెళ్లింది. అక్కడ ఇరవై ఆరేళ్లుగా గేట్లు ఎత్తుతున్న పోలినాయుడు ముందు నన్ను తెరిచి పెట్టింది.

"ఏటమ్మా ఇది, సాలీడు గూడా?" అన్నాడాయన.

"మీ పనే నాయుడుగారూ. ఇదిగో, ఈ చివర ఉన్నది మీరే."

"నానింత బక్కగా ఉన్నానేటి!" అని నవ్వి, వేలితో ఒక్కో బాణాన్నీ తడుముతూ కిందికి వచ్చాడు. చివరి బాణం దగ్గర వేలు ఆగిపోయింది. "సైరను కూసింది. తలుపు లేచిపోనాది. మరి జనమో?"

"ఏ జనం?"

ఆయన వంతెన రెయిలింగు మీదినుంచి కిందికి చూపించాడు. రేవులో బట్టలుతుకుతున్న ఆడవాళ్లు, గేదెలు కడుగుతున్నవాళ్లు, అవతలి ఊరికి మోకాలి లోతు నీళ్లలో నడిచి పోతున్నవాళ్లు.

"సైరన్ వింటారు కదండీ?"

"పెతి సోమారం పరీచ్చకని కూత్తాది గదమ్మా. ఇనీ ఇనీ ఆల్ల సెవులు మొద్దుబారిపోనాయి. పైన కొండల్లో వాన పడతాది, ఇక్కడ సుబ్బరంగా ఎండ కాస్తాది. ఏరొత్తాదని ఎవులికి తెలుత్తాది? అందుకే ముందు జానెడు."

ఆ జానెడు సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన గేటును ఒక్కసారిగా ఎత్తడు. ముందు జానెడు ఎత్తి ఆగుతాడు. కాసేపటికి రేవులో ఉన్నవాళ్ల కాళ్లకు చల్లగా బురదనీళ్లు తగులుతాయి. వాళ్లకు అర్థమైపోతుంది. మూటలు ఎత్తుకుని గట్టెక్కుతారు. ఆఖరి మనిషి పైకి వచ్చాక గేటు పూర్తిగా లేస్తుంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒకసారి పుస్తకంలో ఉన్నట్టే ఒకేసారి ఎత్తాడట. అప్పుడు ఏట్లో ఉన్న ఒక గొర్రెలకాపరి బతికి బయటపడ్డాడు. అతని తమ్ముడు దొరకలేదు. ఈ మాట చెప్పేటప్పుడు పోలినాయుడు హిమజ వైపు చూడలేదు, నీళ్ల వైపు చూశాడు.

హిమజ అక్కడే వంతెన మీద కూర్చుని నాలో ఏడో పెట్టె పెట్టింది. దానికి 'ఏట్లో జనం' అని పేరు రాసింది. గేటు నుంచి జనానికి ఒక బాణం: 'జానెడు నీళ్లు'. జనం నుంచి తిరిగి గేటుకు మరో బాణం: 'అందరూ గట్టెక్కారు'. ఆ తరవాతే గేటు పూర్తిగా లేచే బాణం. ఆ రోజు నాకెంత గర్వమో చెప్పలేను. నాలాంటి బొమ్మలు ఆ కంప్యూటర్‌లో వందలున్నాయి. ఒక్కదానిలోనూ ఒక మనిషి తప్పించుకుని బయటపడే చోటు లేదు.

నా గర్వం వారం రోజులు నిలిచింది. ప్రాజెక్టు మేనేజరు కమలాకర్ వచ్చి హిమజ కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఈ ఏడో పెట్టె ఏంటి హిమజా? దీనికి లాగిన్ ఉందా?"

"లేదు సార్. మనుషులు."

"సెన్సరుందా? ఏదైనా సిగ్నల్ పంపుతారా?"

"గట్టెక్కుతారు సార్."

"గట్టెక్కడం సిగ్నల్ కాదమ్మా. మీటరు మోగిన రెండు నిమిషాల్లో గేటు లేవాలని ఒప్పందంలో రాసుకున్నాం. నువ్వేమో వాళ్లు మూటలు సర్దుకునేదాకా ఆగమంటున్నావు."

"ఆగకపోతే, సార్..."

"సైరన్ పెట్టాం కదా! తీసెయ్."

హిమజ చెయ్యి కదల్లేదు. కమలాకర్ వంగి, తనే మౌసు పట్టుకుని ఒక్క నొక్కు నొక్కాడు. గోడ మీద గీత చెరిపితే మరకైనా మిగులుతుంది. నాలో అదీ మిగల్లేదు. పక్క పెట్టెలు దగ్గరికి జరిగి ఖాళీని కూడా మూసేశాయి. 'ఎంత శుభ్రంగా ఉందో చూడు' అన్నాడు కమలాకర్. ఏట్లో ఉన్న మనుషులందరినీ ఊడ్చేసి, చేతులు దులుపుకుని, శుభ్రమట! ఆ సాయంత్రమే నా నెత్తిన 'ఆమోదించబడినది' అని ముద్ర పడింది.

శ్రావణంలో ట్రయల్ పెట్టారు. ఆ రోజు జరిగినదంతా తరవాత విచారణలో విన్నాను. అధికారులు వచ్చారు, కొబ్బరికాయ కొట్టారు. పోలినాయుడికి గేటు మోటారు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి, "ఇంక అన్నీ బటన్లే చూసుకుంటాయి, నువ్వు కూర్చో" అన్నారు. ట్రయల్ సరిగ్గా జరిగితే ఆయన పోస్టు తీసేస్తారని అందరికీ తెలుసు. పది గంటలకు మీటరు మోగింది. సైరన్ కూసింది. రేవులో పదకొండు మంది ఆడవాళ్లున్నారు, ఒక్కరూ తలెత్తలేదు. ప్రోగ్రాం నన్ను పైనుంచి చదువుకుంటూ గేటు బాణం దాకా వచ్చేసింది.

పోలినాయుడు కుర్చీలోంచి లేచి, మోటారు పక్కనున్న స్విచ్చిని 'చేతితో నడుపుట' వైపు తిప్పేశాడు. కంప్యూటర్ మాట గేటుకు చేరలేదు. కంట్రోల్ రూం తెర మీద ఎర్ర అక్షరాలు. ఆయన జానెడు ఎత్తి ఆపాడు. కింద ఎర్నమ్మ అనే ముసలామె, "నాయుడు తలుపెత్తుతున్నాడర్రా, లెగండి!" అని కేకేసిందట. తొమ్మిది నిమిషాల తరవాత గేటు పూర్తిగా లేచింది. ఉతుకుబండలు కనబడకుండా పోయాయి.

అందరూ ప్రాణాలతో ఇళ్లకు పోయారు. పోలినాయుడికి నోటీసు వచ్చింది.

విచారణకు నన్ను పెద్ద కాగితం మీద ముద్రించి బోర్డుకు గుచ్చారు. ఆయన మీద సాక్షిని నేనే. విచారణ చేస్తున్న పెద్ద ఇంజనీరు సత్యవాణిగారి ముందు కమలాకర్ కర్రతో నన్ను పొడుస్తూ, "చూడండి మేడమ్, మధ్యలో ఆగమని ఇందులో ఎక్కడైనా ఉందా?" అన్నాడు. చెరిపిన చెయ్యే లేదని చూపిస్తోంది! నోరుంటే కాగితం చిరిగేలా అరిచేదాన్ని. బోర్డు మీద పరుచుకుని అబద్ధం చెబుతూ ఉండిపోయాను.

హిమజ లేచింది. "ఉండేది మేడమ్. మేమే తీసేశాం."

"అది టెక్నికల్‌గా..." అని కమలాకర్ మొదలుపెట్టాడు. సత్యవాణిగారు చెయ్యెత్తి ఆపారు. "నువ్వేమంటావు నాయుడూ?"

"నాననీదేటుందమ్మా. ఈ బాబుగోరు ఓపాలి రేవులో నిల్సుంటే, ఈ బొమ్మలో ఉన్నట్టే తలుపెత్తుతాను. అప్పుడు తప్పు నాదంటే ఇంటికెల్లిపోతాను."

"నాకు ఈత రాదండీ," అనేశాడు కమలాకర్.

సత్యవాణిగారు నా మీంచి చూపు తిప్పి పోలినాయుడి వైపు చూశారు. "రేవులో వాళ్లకు ఈత వచ్చా, నాయుడూ?"

"ఆడోల్లకెక్కడొస్తాదమ్మా."

"ఎంతసేపు ఆగాలి? కంప్యూటరుకు నిమిషాల్లో చెప్పాలి."

"గడియారం ఏటి సెప్తాదమ్మా. ఆకరి మనిసి గట్టెక్కీవరకు."

"అది కంప్యూటరుకు కనబడదు మేడమ్," అంది హిమజ. "ఎవరో ఒకరు చూసి చెప్పాలి."

"అయితే ఆ చూసేవాణ్ని ఉంచండి," అన్నారు సత్యవాణిగారు.

అలా ఏడో పెట్టె నాలోకి తిరిగి వచ్చింది. న్యాయం జరిగిందని సంబరపడకండి. 'నిబంధన అతిక్రమించినందుకు హెచ్చరిక' అనే కాగితం పోలినాయుడి సర్వీసు పుస్తకంలో అలాగే ఉంది. ఇప్పుడు నేను చెయ్యమంటున్న పనే ఆయన చేసినందుకు! 'జానెడు నీళ్లు' పేరు మార్చి 'ప్రాథమిక ప్రవాహ దశ' అన్నారు. 'ఏట్లో జనం' కాస్తా 'దిగువ ప్రాంత లబ్ధిదారులు' అయ్యారు. మునిగిపోకుండా బతకడం కూడా వీళ్లిచ్చే లబ్ధే కాబోలు. నా మూలన 'రూపకల్పన: కమలాకర్' అని అచ్చేశారు.

ప్రస్తుతం కంట్రోల్ రూంలో అద్దాల చట్రంలో ఉన్నాను. తనిఖీకి వచ్చినవాళ్లు ఆ బాణం ముందు ఆగి, ఎంత ముందుచూపని మెచ్చుకుంటారు. మూలనున్న పేరు చదివి తలూపుతారు. ఊపిన ప్రతిసారీ ఈ అద్దం పగిలితే బాగుండుననిపిస్తుంది.

మొన్న భాద్రపదంలో మీటరు మోగింది. గేటు జానెడు లేచి ఆగింది. పది నిమిషాలైనా పూర్తిగా ఎత్తమని వంతెన మీదున్న పోలినాయుడి నుంచి కబురు రాలేదు. కొత్తగా వచ్చిన డ్యూటీ ఇంజనీరు గుమ్మానికీ కుర్చీకీ మధ్య తిరిగి తిరిగి వాకీటాకీ అందుకున్నాడు.

"ఏం నాయుడూ, అందరూ ఎక్కేశారా లేదా?"

"ఎక్కీసినారు బాబూ. ఓ పాప సెప్పు మరిసిపోనాదని ఎనక్కి దిగినాది."

"చెప్పు కోసం ఆనకట్టంతా ఆపుతావా నువ్వు?"

"ఆగాల బాబూ."

ఇంజనీరు పళ్లు కొరికాడు. బటను మీద చెయ్యి పెట్టి, నావైపు ఒకసారి చూసి, తీసేశాడు. వాకీటాకీలో గాలి గురగురమంది, దూరంగా ఎవరో ఆడమనిషి తిడుతోంది, ఇంకెవరో నవ్వారు.

"దొరికినాది బాబూ," అన్నాడు పోలినాయుడు. "ఇంక ఎత్తండి."